తోలు పెట్టగానే మిషను ఎందుకు మొండికేస్తుంది?

"అన్నా, బట్ట కుట్టినంతసేపూ మిషను బాగానే నడుస్తాది. తోలు పెడితే చాలు, కింద దారం ఉండలు కడతాంది. స్క్రూ బిగిస్తే పైదారం తెగుతాది. వదులు చేస్తే మళ్ళీ ఉండలే. ఏం చేసేది?"

ప్రశ్న బత్తలపల్లె నుంచి. అనంతపురం-కదిరి రోడ్డు మీద బండి సీట్లు, ట్రాక్టరు సీట్లు, సంచులు, బెల్టులు కుట్టే ఎవరైనా అడగదగిన ప్రశ్నే ఇది. జవాబులో సగం ఆ ప్రశ్నలోనే ఉంది. బట్టకు బాగా నడిచిన మిషను తోలుకు నడవడం లేదంటే మిషను చెడిపోలేదన్నమాట. దారాలన్నీ పాతవే, మనిషి పాతవాడే. కొత్తగా మధ్యలోకి వచ్చింది తోలు ఒక్కటే. కానీ మనం సర్దేది మాత్రం స్క్రూను. టెన్షన్ స్క్రూ కళ్ళెదుటే ఉంటుంది, తిప్పడానికి సులువు, తిప్పితే ఏదో ఒక మార్పు కనిపిస్తుంది. అందుకే అందరి చెయ్యీ ముందు దాని మీదికే పోతుంది. నేనైతే దాన్ని చిట్టచివర ముట్టుకోమంటాను. ఎందుకో చెప్పాలంటే కుట్టు ఎలా పడుతుందో ఒకసారి చూడాలి.

కుట్టు ఎలా పడుతుంది?

మన మిషన్లలో పడేది రెండు దారాల కుట్టు. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు పొందిన పద్ధతికి మూలసూత్రం ఇప్పటికీ మారలేదు. సూది పైదారాన్ని తోలులోంచి కిందికి తీసుకుపోతుంది. అట్టడుగుకు చేరి కాస్త పైకి లేవగానే, సూది కన్ను పక్కన దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. షటిల్ మొన ఆ ఉచ్చును అందుకుని, బాబిన్ చుట్టూ తిప్పి వదిలేస్తుంది. ఆ తర్వాత పైనున్న లివరు లేచి దారాన్ని వెనక్కి లాగుతుంది. పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి పెనవేసుకున్న ముడి అప్పుడు పైకి జరిగి, తోలు మందం మధ్యలో ఆగాలి. పైనుంచి చూసినా కిందినుంచి చూసినా ఒకేలా కనిపించే కుట్టంటే ముడి లోపల దాక్కున్న కుట్టే.

ముడిని పైకి లాగేది పై టెన్షన్ బిళ్ళల బిగువు, కిందికి పట్టి ఉంచేది బాబిన్ కేసు స్ప్రింగు బిగువు. బట్టలో లెక్క దాదాపు ఈ రెండింటితో సరి. తోలులో మూడో బలం ఒకటి చేరుతుంది: రంధ్రం గోడల రాపిడి. బట్టలో సూది నూలుపోగుల్ని పక్కకు నెట్టి దూరుతుంది, దారం ఆ సందులో సాఫీగా జారుతుంది. తోలు అలా కాదు. దాని పీచు అన్ని వైపులకూ అల్లుకుని ఉంటుంది. సూది చేసిన రంధ్రం సూది బయటికి రాగానే మూసుకోవాలని చూస్తుంది, లోపలున్న దారాన్ని నొక్కిపట్టేస్తుంది. పై లివరు ఎంత లాగినా ముడి ఆ గొంతులో ఇరుక్కుపోయి కిందే ఉండిపోతుంది. కింద కనిపించే ఉండలకు ఒక కారణం ఇదే.

ఇంకో సంగతి, చాలామందిని తికమక పెట్టేది. తప్పు కనిపించేచోటా తప్పు పుట్టేచోటా ఒకటి కాదు. కింద ఉచ్చులు వేలాడుతుంటే పైదారానికి చాలినంత బిగువు లేదని అర్థం. పైన కిందిదారం చుక్కలు చుక్కలుగా తేలుతుంటే పై బిగువు ఎక్కువైనా అయ్యుండాలి, బాబిన్ బిగువు తక్కువైనా అయ్యుండాలి. కింద ఉండలు చూసి బాబిన్ కేసు విప్పేవాళ్ళు ఎప్పుడూ తప్పు గదిలోనే వెతుకుతుంటారు.

మరి స్క్రూ బిగిస్తే పైదారం ఎందుకు తెగుతుంది?

పైదారంలోని ఏ చోటైనా తోలులో స్థిరపడే ముందు సూది కన్నులోంచి పదులసార్లు పైకీ కిందికీ పోయివస్తుంది. ప్రతి కుట్టుకూ లివరు లాగేది ఒక కుట్టుకు సరిపడా దారాన్ని కాదు, అంతకు ఎన్నో రెట్లు. అందులో చాలావరకు మళ్ళీ వెనక్కి పోతుంది. స్క్రూ బిగించినకొద్దీ ఈ రాపిడి అంతా పెరుగుతుంది. అప్పటికే రంధ్రంలో ఇరుకుగా ఉన్న దారం కన్ను దగ్గర పీచు లేచి, పోగులు పోగులుగా విడిపోయి తెగుతుంది. బత్తలపల్లె మిత్రుడు రెండు వైపులా ఇరుక్కోవడానికి కారణం ఇదే. తిప్పాల్సింది స్క్రూ కాదు, మార్చాల్సింది సూది.

సూది లెక్క కొంచెం వివరంగానే చూద్దాం, అసలు మర్మం ఇక్కడే ఉంది. సూది మీద రెండు అంకెలు ఉంటాయి: 110/18, 140/22 అని. పెద్ద అంకె సూది కాడ మందం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 110 అంటే 1.1 మి.మీ., 140 అంటే 1.4 మి.మీ. దారానికి టెక్స్ అనే కొలత ఉంది. 1000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని టెక్స్. తోలు పనికి వాడే నైలాన్ దారాల్లో టెక్స్ 70 మందం సుమారు 0.3 మి.మీ., టెక్స్ 135 మందం సుమారు 0.4 మి.మీ. ముడి పడేచోట రంధ్రంలో ఒక్క పోగే ఉండదు. పైదారం కిందికి వెళ్ళేది ఒకటి, తిరిగి పైకి వచ్చేది ఒకటి. వాటిని చుట్టుకుని కిందిదారం ఉచ్చు మరో రెండు. టెక్స్ 135 దారం నాలుగు పోగులు ఒకచోట చేరితే అవి 1.1 మి.మీ. రంధ్రంలో, అదీ మూసుకోవాలని చూసే రంధ్రంలో, ఎలా జారతాయి? అందుకే టెక్స్ 70కి 18వ నంబరు సూది, టెక్స్ 90కి 19 లేదా 20, టెక్స్ 135కి 22 అని పనివాళ్ళు పాటిస్తారు. దారం మార్చి సూది మార్చకపోతే ఆ గొడవ ఏ స్క్రూతోనూ తీరదు.

సరిచూసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. మిషనులోంచి తీసిన సూదిని జానెడు దారానికి ఎక్కించండి. దారాన్ని రెండు చేతులా బిగుతుగా పట్టుకుని ఏటవాలుగా వంచండి. సూది తనంతట తాను జారి కిందికి పోవాలి. ఆగి ఆగి కదిలితే ఆ దారానికి ఆ సూది చాలదు.

ఇంట్లో ఉండే నల్లటి కాలిమిషను సంగతేమిటని అడుగుతారు. మెత్తటి మేకతోలు రెండు పొరలు, టెక్స్ 70 దారం, 18వ నంబరు సూది వరకు అది నెమ్మదిగా లాగగలదు. దానికి టెక్స్ 135 ఎక్కించి "టెన్షన్ కుదరడం లేదు" అంటే తప్పు మిషనుది కాదు.

తోలు మరీ పల్చగా ఉన్నా చిక్కే. ముడి దాక్కోవడానికి చోటు కావాలి. రెండు పొరలూ కలిపి 1 మి.మీ. ఉన్న తోలులో టెక్స్ 135 ముడి ఎలా సర్దినా ఒకవైపు తొంగిచూస్తుంది. అక్కడ సన్న దారమే దారి. పైన చూపుకు లావు దారం కావాలనుకుంటే బాబిన్‌లో ఒక మెట్టు సన్న దారం వేసుకోవచ్చు, ముడి చిన్నదవుతుంది.

చేత్తో కుట్టేవాళ్ళకు ఈ బాధ ఎందుకు లేదు?

మోటార్లు రాకముందు ఈ మెట్టసీమలో బావి నీళ్ళు పైకెక్కింది కపిలతోనే. ఎద్దులు వాలు దిగుతుంటే బాన నిండుగా లేచేది. గట్టుకు చేరగానే తొండం నీళ్ళను కాలువలోకి కుమ్మరించేది. బాన ఇనుపదైనా తొండం మాత్రం తోలుదే. నిండు బరువు మీద రోజంతా తడుస్తూ ఆరుతూ పనిచేసిన ఆ కుట్లు ఆరెతో వేసినవి. ముందు ఆరెతో రంధ్రం, తర్వాత మైనం పట్టించిన దారం. దారం పూర్తిగా ఒకవైపు నుంచి రెండోవైపుకు దాటిపోతుంది. మిషనులో లాగా కిందికి దిగి అదే దారిన వెనక్కి రాదు. పైగా ప్రతి కుట్టుకూ బిగువు నిర్ణయించేది చెయ్యే. తోలు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా ఉంటే చెయ్యి దానికి తగ్గట్టు లాగుతుంది. మిషను స్క్రూ మాత్రం పొద్దున పెట్టిన బిగువుతోనే సాయంత్రం దాకా లాగుతుంది. ఒకే చర్మంలో వెన్ను దగ్గర గట్టిగానూ పొట్ట దగ్గర సాగుడుగానూ ఉంటుందని దానికి తెలియదు.

ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలు మరో దారి. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ తెచ్చిన పని అది. అక్కడి మేకతోలు పదును చేసిన తోలు కాదు. శుభ్రం చేసి, ఆరబెట్టి, దీపం వెలుగు దూరేలా పల్చగా తీసిన పచ్చితోలు. బొమ్మల చేతులూ కాళ్ళూ ఆడేందుకు కీళ్ళ దగ్గర దారంతో ముడివేస్తారు. దీపాల బుట్టలు చేసేటప్పుడూ తీగ చట్రానికి తోలును చేత్తోనే కుడతారు. అలాంటి తోలును మిషను కింద పెట్టి దగ్గరదగ్గరగా సూది దింపితే, తపాలా బిళ్ళ అంచులా ఆ వరస వెంబడే చిరిగిపోతుంది. పదును చేసిన తోలుకూ ఈ ప్రమాదం కొంత ఉంది. బట్టకు వేసినంత చిన్న కుట్టు తోలుకు వేయకూడదు. 3 నుంచి 4 మి.మీ. నిడివి మంచిది. కుట్టు మరీ చిన్నదైతే బిగువు కూడా నిలకడగా ఉండదు, పక్కపక్క రంధ్రాల మధ్య తోలు నలిగి వదులవుతుంది.

బట్టకు ఒకసారి తప్పు పడితే విప్పి మళ్ళీ కుట్టవచ్చు. తోలులో రంధ్రం పూడదు. కాబట్టి ప్రయోగాలన్నీ తుంపుల మీదే. ఆ తుంపు కూడా అదే తోలుది, అదే మందం, అన్నే పొరలు అయి ఉండాలి.

తోలూ రెగ్జినూ ఒకటేనా?

కావు. బండి సీట్ల మీద ఎక్కువగా ఉండేది రెగ్జిన్, అంటే బట్ట మీద ప్లాస్టిక్ పూత. తోలు సూది మొన చిన్న కత్తి లాంటిది, కోస్తూ దిగుతుంది. తోలుకు అది సరైనది, రంధ్రం శుభ్రంగా పడుతుంది, దారం జారుతుంది. రెగ్జిన్‌కు అదే సూది వాడితే అడుగునున్న బట్ట పోగులు తెగిపోతాయి. కుట్టు చూడ్డానికి బాగుంటుంది, నాలుగు నెలల్లో సీటు మీద కూర్చునేవాళ్ళ బరువుకు వరస వెంబడి విడిపోతుంది. రెగ్జిన్‌కు మామూలు గుండ్రటి మొన సూదే వాడండి.

రెండింటికీ కలిసిన చిక్కు ఒకటుంది. ఫుట్ అడుగుభాగం వీటికి అంటుకుంటుంది. కింది పళ్ళు అడుగు పొరను ముందుకు నెడుతుంటే, పై పొర ఫుట్‌కు అతుక్కుని వెనకబడుతుంది. కుట్లు చిన్నవైపోతాయి, ముడతలు పడతాయి, చూసేవాళ్ళకు అది టెన్షన్ తప్పులా కనిపిస్తుంది. టెఫ్లాన్ ఫుట్ గానీ చక్రం ఉన్న ఫుట్ గానీ వేస్తే పోతుంది. కాస్త టాల్కం పౌడరు రాసినా తాత్కాలికంగా పనిచేస్తుంది. ఎక్కువ పని ఉన్నవాళ్ళు ఫుట్, సూది, పళ్ళు మూడూ కలిసి నడిచే మిషను కొంటారు. ఖరీదు ఎక్కువే, కానీ మందం తోలుకు దాని తర్వాతే ఏదైనా.

బత్తలపల్లె గాలికి దీంతో సంబంధం ఉందా?

ఉంది, అనుకున్నదానికంటే ఎక్కువే. ఈ పీఠభూమిలో ఏడాదికి పడే సగటు వాన 550 మి.మీ. చుట్టుపక్కలే. ఎండాకాలం గాలిలో తేమ అడుగంటుతుంది. తోలు తనలోని తేమ కోల్పోయి బిరుసెక్కుతుంది. నైలాన్ దారం కూడా గాలిలోని తేమను పీల్చుకునే రకమే. మామూలు తేమలో దాని బరువులో 4 శాతం దాకా నీరే ఉంటుంది. ఆ నీరు పోతే దారం తీగలా లేచి, మెలికలు తిరిగి, సూది పక్కన సరైన ఉచ్చు ఇవ్వదు. ఉచ్చు దొరకనప్పుడు షటిల్ దాన్ని వదిలేస్తుంది, కుట్టు ఎగిరిపోతుంది. కోనులను రేకుల కప్పు కింద కిటికీ దగ్గర పెట్టకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవడం, తోలును ఎండ తగలని చోట చుట్టి ఉంచడం ఇక్కడ పనికొచ్చే జాగ్రత్తలు. ఎండలో కాలిన తోలుకు వేసవిలో పెట్టిన బిగువు వానాకాలంలో సరిగ్గా అదే ఫలితమివ్వకపోవచ్చు.

దుమ్ము సంగతి ఇంకా సూటిది. టెన్షన్ బిళ్ళలు రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఆనుకుంటేనే దారం మీద పట్టు. మధ్యలో ఒక ఇసుక రేణువో, దారం తునకో, తోలు పొట్టో చేరితే బిళ్ళలు అక్కడ ఎడంగా నిలిచిపోతాయి. స్క్రూ ఎంత బిగించినా పైదారం వదులే. బాబిన్ కేసు స్ప్రింగు కింద చేరినా ఇదే కథ. ఫుట్ పైకెత్తి, మెత్తటి గుడ్డను దారంలా సన్నగా చింపి బిళ్ళల మధ్య లాగండి. స్ప్రింగు కింద విజిటింగ్ కార్డు మూల దూర్చి గీకండి, సూదితో పొడవకండి, గీతలు పడితే దారం అక్కడ తెగుతూనే ఉంటుంది.

జిగురు కూడా దుమ్ము లాంటిదే, ఇంకా మొండిది. పొరలు అతికించిన సొల్యూషన్ పూర్తిగా ఆరకముందే కుట్టడం మొదలుపెడితే, అది సూదికీ దారానికీ అంటుకుని కన్నులో గట్టిపడుతుంది. సొల్యూషన్ ఆరనివ్వాలి, మధ్యమధ్య సూదిని గుడ్డతో తుడవాలి. మోటారు పెట్టి గబగబా కుడితే సూది వేడెక్కుతుంది. నైలాన్, పాలిస్టరు దారాలు కరిగేవే కాబట్టి కన్ను దగ్గర మెత్తబడి తెగుతాయి. తెగిన దారం కొస గట్టిగా చిన్న గుండులా ఉంటే కరిగిందని, పీచుపీచుగా ఉంటే ఒరుసుకుపోయిందని గుర్తు. ఆ కొసను పారేసే ముందు ఒకసారి చూడండి.

అయితే స్క్రూ ఎప్పుడు తిప్పాలి?

పైదారాన్ని మొదటినుంచి మళ్ళీ ఎక్కించాకే. అదీ ఫుట్ పైకెత్తి. ఫుట్ దించి ఉన్నప్పుడు టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం మధ్యలోకి దిగకుండా పైపైనే ఆగిపోతుంది. కింద పెద్ద ఉండలు కడుతున్న మిషన్లలో సగం రోగం ఈ ఒక్క పనితో పోతుందని నా నమ్మకం. కోను నిలువుగా, దారం నేరుగా పైకి వచ్చేలా, దాని మీదున్న కొక్కేనికి సూటిగా ఉండాలి. అడ్డంగా పడేసిన కోను ప్రతి చుట్టుకూ దారాన్ని గుంజుతుంది, బిగువు కుట్టు కుట్టుకూ మారుతుంది. సూది తిరగబడలేదని చూడండి: పొడవాటి గాడి దారం దూరే వైపు, కన్ను మీది పల్లం షటిల్ వైపు. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసల్నీ వెనక్కి పట్టుకుని మొదటి మూడు నాలుగు కుట్లు పడనివ్వండి.

బాబిన్ ఎగుడుదిగుడుగా చుట్టుకుని ఉంటే ఎంత సర్దినా దండగ. సమంగా, గట్టిగా మళ్ళీ చుట్టండి. బాబిన్ పెట్టిన కేసును దారం కొస పట్టుకుని వేలాడదీయండి. తనంతట జారి నేల చేరితే మరీ వదులు, కుదిపినా కదలకపోతే మరీ బిగుతు. చిన్నగా కుదిపితే నాలుగు వేళ్ళ మేర దిగి ఆగాలి. లావు నైలాన్‌కు అంతకంటే కొంచెం గట్టిగానే ఉండాలి.

ఇవన్నీ అయ్యాక ఇప్పుడు స్క్రూ. పైన ఎర్ర దారం, బాబిన్‌లో నల్ల దారం వేసి, అదే తోలు తుంపు మీద జానెడు కుట్టండి. కింద ఎరుపు కనిపిస్తే పై స్క్రూ పావు చుట్టు బిగించండి, మళ్ళీ కుట్టండి. పైన నలుపు కనిపిస్తే పావు చుట్టు వదలండి. ఒక్కోసారి ఒక్క మార్పే. బాబిన్ స్క్రూ జోలికి దారం మందం మార్చినప్పుడే వెళ్ళండి. దాని చలనం చాలా సున్నితం, గడియారం ముల్లు అయిదు నిమిషాలు కదిలినంత చాలు. కుట్టు సరిపడ్డాక ఆ తుంపు వెనక సూది నంబరు, దారం టెక్స్, తోలు పొరలు రాసి గోడకు తగిలించుకోండి. వచ్చేసారి అదే పని వచ్చినప్పుడు అరగంట మిగులుతుంది.

పొరలు పెరిగేచోట, అంటే రెండు అతుకులు కలిసే మెట్టు దగ్గర, ఫుట్ ఒకవైపు ఎత్తై తోలు మీద పట్టు తప్పుతుంది. సూది పైకి లేస్తూ తోలును కూడా లేపుకుపోతుంది, ఉచ్చు ఏర్పడదు. అక్కడ ఫుట్ వెనక అదే మందం తుంపు ఒకటి ఎత్తుగా పెట్టి సమం చేయండి, మోటారు వదిలి చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాటండి. అన్నిచోట్లా సూది తోలును లేపుతుంటే ఫుట్ ఒత్తిడి స్క్రూ కొంచెం పెంచాలి. టెన్షన్ స్క్రూ కాదు, ఫుట్ కడ్డీ పైనున్నది.

ఇంత చేశాక కూడా కుట్లు ఎగిరిపోతూనే ఉంటే, ముఖ్యంగా 18 నుంచి 22వ నంబరు సూదికి మారాక ఎగరడం మొదలైతే, షటిల్ మొనకూ సూదికీ మధ్య ఎడం సరిచూడాలి. సూది లావైనప్పుడు షటిల్ దాన్ని రాసుకుంటూ పోతుంది, కొన్నిసార్లు మొన విరుగుతుంది. అది మెకానిక్ చేతి పని. అతను వచ్చినప్పుడు మీరు వాడే సూదీ దారమే ఎక్కించి, మీ తోలు మీదే కుట్టి చూపించమనండి. సన్న సూదితో బట్ట మీద సరిచూసిన మిషను, అతను వెళ్ళాక తోలు మీద మళ్ళీ అదే పాట పాడుతుంది.